మొదటి బోటు కొనేవాళ్లు సర్వేకి డబ్బు పెట్టాలా?

కొత్తనావికుడు: మొదటిసారి బోటు కొంటున్నాను. 26 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ బోటు, లోపలే డీజిల్ ఇంజన్. చూడటానికి ముచ్చటగా ఉంది. సర్వే, అంటే కొనేముందు నిపుణుడితో బోటంతా పరీక్ష చేయిద్దామంటే సర్వేయర్ ఫీజు, క్రేన్‌తో నీళ్లలోంచి పైకి తీయించే ఖర్చు రెండూ నా మీదే పడతాయి. అమ్మేవాళ్లు నిరుడు చేయించిన రిపోర్టు ఇస్తామంటున్నారు. మళ్లీ ఖర్చు పెట్టాలంటారా?

డీజిల్‌చెయ్యి: నన్నడిగితే వద్దండి. సర్వే రిపోర్టు ఏదైనా తీసి చదవండి, చాలాచోట్ల ‘విప్పి చూడలేదు’, ‘చెయ్యి అందలేదు’ అనే ఉంటుంది. రేపు ఏదైనా బయటపడితే తమకు సంబంధం లేదని ముందే రాసుకుంటారు. ఇంజనేమో చాలామంది సర్వేయర్లు పైపైన చూసి, దానికి వేరే మనిషిని పిలుచుకోమంటారు. ఆ డబ్బేదో మంచి మెకానిక్‌కే ఇవ్వండి.

ఒడ్డుమనిషి: మెకానిక్ కావాలి, కాదనను. కానీ ఇంజన్ పాడైతే మార్చుకోవచ్చు, డెక్, అంటే మనం నడిచే పైతలం, కుళ్లితే ఏం మారుస్తారు? చాలా ఫైబర్‌గ్లాస్ బోట్లలో డెక్‌కి పైనా కిందా పలచటి పొరలుంటాయి, మధ్యలో బాల్సా చెక్కో ఫోమో పెడతారు. రెయిలింగు బిగించిన బోల్టుల దగ్గర సీలు పోయిందంటే ఆ సందులోంచి నీళ్లు దిగి చెక్క నానిపోతుంది. పైన మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. సర్వేయర్ చిన్న సుత్తి పట్టుకుని, కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టు, జానెడు జానెడుకీ కొడుతూ పోతాడు. టక్ టక్‌మంటూ వచ్చే చప్పుడు ఒకచోట ఉన్నట్టుండి మొద్దుబారితే అక్కడ అనుమానించాల్సిందే. తేమ మీటరు కూడా పెట్టి చూస్తాడు. పక్కనే నిలబడి ఆ తేడా మీ చెవులతో వినండి.

ఇక నీటి కింద సంగతి. అడుగున చిల్లులు పెట్టి, నీళ్లు వదలడానికీ ఆపడానికీ బిగించే సీకాక్ వాల్వులు మామూలు ఇత్తడివైతే, ఉప్పునీళ్లలో ఏళ్లు గడిచేసరికి అందులోని జింకు పోయి, లోహం గులాబీ రంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. గట్టిగా తిప్పితే విరిగి చేతికొస్తుంది, ఆ చిల్లులోంచి నీళ్లు లోపలికి తన్నుకొస్తాయి. బోటు నీళ్లలో ఉండగా దాన్ని బయటనుంచి చూసే దారే లేదు. క్రేన్ ఖర్చు అందుకే.

పాత రిపోర్టు నమ్ముకోకండి. అది చేయించుకున్నవాళ్ల కోసం రాసింది, అందులో తప్పుంటే ఆ సర్వేయర్‌ని మీరు నిలదీయడం కష్టం. పైగా ఈ ఏడాదిలో బోటు ఎక్కడ నేలకు తగిలిందో ఎవరు చెప్పొచ్చారు? పాత బోట్లకు ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చాలాసార్లు కొత్త సర్వేనే అడుగుతారు.

డీజిల్‌చెయ్యి: అయితే ట్రెయిలర్ మీద లాక్కెళ్లే చిన్న అల్యూమినియం బోటుకూ సర్వేయర్ కావాలంటారా? కొత్తగా కొనేవాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది వాటితోనే కదా.

ఒడ్డుమనిషి: వాటికి అక్కర్లేదండి, అక్కడ మీ మాటే నా మాట. ఔట్‌బోర్డ్‌కి, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజన్‌కి, కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందా అని చూడటం) చేయించి, ఇంజన్ కింది కాలు పట్టుకుని ఊపి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇంజన్ బిగించిన వెనక పలక కదిలిందా, ఆ బోటు వదిలేయడమే. ఈయన కొనేది ఏడాది పొడుగునా నీళ్లలో ఉండే బోటు.

కొత్తనావికుడు: సరేనండి, చేయిస్తాను. ముందు ఏం చేయాలి?

ఒడ్డుమనిషి: సర్వేకి డబ్బు కట్టేముందు మీరే ఒకసారి వెళ్లండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో చూడాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతున్నట్టే. అడుగున నూనె కలిసిన నీళ్లు, వాసన, అవన్నీ మీ కంటికే కనబడతాయి. ఇవి దాటితేనే అడ్వాన్సు ఇవ్వండి. సర్వేలో పెద్ద లోపం తేలితే అడ్వాన్సు వెనక్కివ్వాలని కాగితం మీద రాయించుకోండి. అమ్మేవాళ్లు చెప్పిన సర్వేయర్ వద్దు, మీరే వెతుక్కోండి.

డీజిల్‌చెయ్యి: ఎలాగూ చేయిస్తున్నారు కాబట్టి అదే రోజు మెకానిక్‌ని కూడా రప్పించండి. బోటు తిరిగి నీళ్లలోకి దించాక ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడిపించి, టెంపరేచర్ ఎక్కడ నిలబడుతుందో చూడమనండి. ఇంజన్ ఆపాక, వేడి మీదుండగానే ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి. కొత్త ఆయిల్ అయితే అందులో ఏమీ తేలదు, అందుకే ఆయిల్ ఎప్పుడు మార్చారో ముందే అడగండి.