అమెరికాలో ఉన్న యజమాని ఫ్లాట్‌ను జీపీఏ మీద కొనవచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో 65 లక్షలకు ఒక పాత ఫ్లాట్ మాట్లాడుకున్నాము. యజమాని అమెరికాలో స్థిరపడ్డారు. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించేందుకు ఆయన రాసిచ్చే అధికార పత్రం) ఉన్న ఆయన తమ్ముడు, తానే సంతకం చేస్తానని, బయానా 5 లక్షలు తన ఖాతాలో వేయమని అడుగుతున్నారు. 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటే చాలునని మధ్యవర్తి చెబుతున్నారు. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1: జీపీఏ మీద కొనడం తప్పు కాదు గానీ, ఆ పత్రాన్ని మీరే స్వయంగా చదవండి. అమ్మే అధికారంతో పాటు సొమ్ము తీసుకునే అధికారం కూడా స్పష్టంగా రాసి ఉందా, విదేశంలో రాసిన ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టారా అన్నవి ముఖ్యం. ఇచ్చినవారు మరణించినా, రద్దు చేసినా సాధారణంగా ఆ అధికారం పోతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్‌కు ముందు యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడి తీరాలి. బయానా మాత్రం తమ్ముడి ఖాతాలో వేయకండి. యజమాని ఎన్ఆర్ఓ ఖాతాకే (ప్రవాస భారతీయులకు ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయి ఖాతా) పంపండి.

సమాధానం 2: మధ్యవర్తి మాట నమ్మకండి. ఆ 1 శాతం నిబంధన, అమ్మేవారు ఆదాయపు పన్ను లెక్కల్లో నివాసి అయినప్పుడే వర్తిస్తుంది. ప్రవాసి అయితే చాలా ఎక్కువ పట్టుకోవాలి, తక్కువ పట్టుకుంటే ఆ బాకీ, వడ్డీ మీ మెడకే చుట్టుకుంటాయి. తక్కువ కోతకు అనుమతించే ధ్రువపత్రాన్ని ఆదాయపు పన్ను శాఖ నుంచి యజమానినే ముందుగా తెచ్చుకోమనండి.

సమాధానం 3: ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అసలు పత్రాలు ఏ బ్యాంకులోనో తాకట్టులో ఉండవచ్చు కనుక, జిరాక్సులతో సరిపెట్టుకోకుండా అసలు దస్తావేజును, లింకు డాక్యుమెంట్లను (ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) కళ్లారా చూసిన తరువాతే బయానా ఇవ్వండి.