హనుమకొండలో అమ్మను చూసుకునే చోటికి నెలకు నిజంగా ఎంత ఖర్చవుతుంది?

వడ్డేపల్లి వాసి:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 76 ఏళ్లు. బాపు సింగరేణిలో పనిచేసి, గోదావరిఖనిలో పదవీ విరమణ పొందాక హనుమకొండలో వడ్డేపల్లి వైపు రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. మొన్న దసరా వెళ్లిన వారానికి అమ్మ స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, వాకర్ పట్టుకొని పది అడుగులు వేస్తున్నది. కానీ మంచం మీది నుంచి లేవాలన్నా, స్నానం చేయాలన్నా పక్కన ఒక మనిషి ఉండవలసిందే.

నేను, నా భార్య హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. మేముండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. చెల్లె కరీంనగర్‌లో ఉన్నది, వాళ్లింట్లోనే చూసుకోవలసిన పెద్దవాళ్లు మరో ఇద్దరున్నారు. అమ్మ కూడా భద్రకాళి గుడికి దూరంగా ఉండలేనని గట్టిగా చెప్పింది కాబట్టి హనుమకొండలోనే పెద్దవాళ్లను ఉంచుకొని చూసుకునే మూడు చోట్ల విచారించాను. ఒకచోట నెలకు 9 వేలు, ఇంకోచోట 14 వేలు, మరోచోట 22 వేలు అడిగారు. హైదరాబాద్‌లో చూసిన ఒక చోట 45 వేలు అన్నారు. ఇంత తేడా ఎందుకో నాకు అంతుపట్టలేదు. అమ్మకు బొగ్గు గనుల కుటుంబ పింఛను నెలకు 2,800 రూపాయలు వస్తుంది, బాపు దాచిన 18 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఇల్లు అమ్మి ఆ డబ్బుతో అమ్మను చూసుకోమని బంధువులు అంటున్నారు. ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.

కిషన్‌పుర కోడలు:

అన్నా, మా మామయ్యను రెండేళ్లు అటువంటి చోట ఉంచవలసి వచ్చింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. మీరు విన్న ఆ మూడు రేట్లు ఒకే పనికి అడిగినవి కావు. తొమ్మిది వేలన్నది తన స్నానం తాను చేసుకొని, భోజనాల గది దాకా తానే నడిచి వెళ్లే పెద్దవాళ్ల కోసం, అంటే మనం మామూలుగా వృద్ధాశ్రమం అనే చోటు. ఇరవై రెండు వేలన్నది లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, మాత్రలు వేళకు వేసే మనిషి ఉన్న చోటికి. మీ అమ్మగారి పనుల్లో ఎన్నింటికి ఇంకొకరి సాయం కావాలో ముందు ఒక కాగితం మీద రాసుకొని, ఆ కాగితం చూపించి ధర అడగండి. నడుస్తుందా, లేదా అని అడిగి చెప్పే ధర నిలవదు.

మాకు 14 వేలన్నారు. మొదటి నెల బిల్లు 21,600 వచ్చింది. డైపర్లకు 3,200, ఎనిమిదిసార్లు వచ్చిన ఫిజియోథెరపీకి 2,400, మందులకు 1,100, బట్టలు ఉతికినందుకు 900 విడిగా వేశారు. అవన్నీ అవసరమైనవే, కానీ ముందు ఎవరూ చెప్పలేదు. యాభై వేల డిపాజిట్‌లో పదిహేను వేలు గది బాగుచేయించాలని పట్టుకున్నారు. అందుకే నెల రేటులో ఏమేమి కలుస్తాయో, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, మధ్యలో ఆసుపత్రిలో చేరితే ఆ రోజుల డబ్బు తగ్గిస్తారో లేదో సంతకం ఉన్న కాగితం మీదే తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది రాత్రి. పగలు వెళ్తే అన్ని చోట్లా గచ్చు తుడిచి ఉంటుంది, అందరూ నవ్వుతూ పలకరిస్తారు. మామయ్యను చేర్చిన మూడో నెలలో ఒకరోజు బస్సు ఆలస్యమై నేను రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాను. వరండాలో దీపం తీసేసి ఉంది. పద్దెనిమిది మందికి ఒక్క ఆయా, ఆమె కూడా పై అంతస్తులో ఉంది. కిటికీ పక్క మంచం మీద ఒక అవ్వ ఖాళీ స్టీలు గ్లాసుతో మంచం కోడును మెల్లగా కొడుతూ ఉన్నది. ఎంతసేపటి నుంచి కొడుతున్నదో తెలియదు. నేను నీళ్లు పోసి ఇస్తే గ్లాసు వదలకుండా నా చేయి కూడా కలిపి పట్టుకున్నది. మామయ్య పక్క తడిసి ఉన్నది. మరుసటి వారమే ఆయనను వేరే చోటికి మార్చాం. తుంటి విరిగినవాళ్లు మళ్లీ పడితే చాలా కష్టం, రాత్రి మూత్రానికి లేచేటప్పుడే ఎక్కువగా పడతారు. రాత్రి రెండు గంటలకు అమ్మ పిలిస్తే ఎవరు లేస్తారు, వాళ్లు ఎన్ని మంచాలను చూసుకోవాలి అని అడగండి. దానికి సూటిగా జవాబు చెప్పని చోట చేర్చకండి.

రెవెన్యూ విశ్రాంత ఉద్యోగి:

ఇల్లు అమ్మే తొందర వద్దు బాబూ. కిరాయికి ఇస్తే నెలనెలా వచ్చేది అమ్మగారికే ఉపయోగపడుతుంది. 18 లక్షల్లో 3 లక్షలు ఆసుపత్రి, డిపాజిట్ల కోసం చేతికి అందేలా ఉంచి, మిగిలిన 15 లక్షలు ఆమె పేరు మీద పోస్టాఫీసులో వయోవృద్ధుల పొదుపు పథకంలో వేయండి. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకు 30,750 వస్తుంది, అంటే నెలకు 10,250. తనకు పన్ను కట్టేంత ఆదాయం లేదని ఆమె ఏటా ఫారం రాసిస్తే వడ్డీలో పన్ను పట్టుకోరు.

ఇల్లు పిల్లల పేరు మీదికి మార్చమని ఎవరైనా అంటే, కన్నతల్లిని పోషించాలన్న షరతును దానపత్రంలో స్పష్టంగా రాయించకుండా రిజిస్ట్రేషన్ చేయించకండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే దానపత్రం రద్దు చేయమని ఆర్డీవో ఎదుట దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ ఇంట్లో ఆ అవసరం రాదని నమ్ముతున్నాను, కానీ నా ఉద్యోగ కాలంలో సంతకం పెట్టిన మరుసటి ఏడాదే ఆఫీసు మెట్ల మీద కూర్చున్న తల్లులను చాలామందిని చూశాను.

ఆసరా పింఛను, 2,016 రూపాయలు, వేరే పింఛను లేనివారికి కాబట్టి దానిని లెక్కలో వేసుకోకండి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు మాత్రం తప్పక తీయించండి, ఆధార్ ఉంటే చాలు. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది, ఆశ్రమం ఫీజుకు చెల్లదు. సేవాసంస్థగా పన్ను శాఖలో నమోదైన ఆశ్రమం 60 దాటినవారి వసతి, భోజనం, సంరక్షణ అన్నిటికీ కలిపి నెలకు 25 వేల లోపు తీసుకుంటే జీఎస్టీ ఉండదు. బిల్లులో ఆ వరుస కనిపిస్తే ఎందుకు వేశారని అడగండి. ఏ చోటనైనా పెద్దవారిని సరిగా చూడకపోతే వయోవృద్ధుల సహాయ నంబరు 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కాజీపేట మిత్రుడు:

ఇంటికే మనిషిని పెట్టుకోవడం కూడా ఆలోచించండి. మేము పగలూ రాత్రీ ఉండే అటెండెంట్‌కు నెలకు 24 వేలు, భోజనం ఇచ్చాం. ఆమె ఊరికి వెళ్లిన రోజుల్లో బదులు మనిషిని ఎవరు పంపాలన్నది ముందే ఏజెన్సీతో మాట్లాడుకోవాలి, మాకు అక్కడే ఇబ్బంది వచ్చింది. స్నానాల గదిలో గోడకు పట్టుకునే రాడ్లు, కమోడ్ మీద ఎత్తు సీటు, జారని చాప వెంటనే వేయించండి.

వడ్డేపల్లి వాసి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న చెల్లెతో కూర్చొని లెక్క వేశాం. వడ్డీ 10,250, పింఛను 2,800, అమ్మ ఆశ్రమానికి వెళ్తే వచ్చే ఇంటి కిరాయి ఓ 8,000 అనుకుంటే మొత్తం 21,050 అవుతున్నది. పైన పడే డైపర్లు, మందుల ఖర్చు ఇద్దరం చెరి సగం పెట్టుకుంటాం. ఇల్లు అమ్మడం లేదు. అమ్మ నడక కుదిరేవరకు రెండు నెలలు ఇంట్లోనే అటెండెంట్‌ను పెట్టి, ఆ తరువాత ఏం చేయాలో ఆమెనే అడుగుతాం. ఈ శనివారం వచ్చినప్పుడు ఆ 22 వేల చోటికి రాత్రి పదింటికి వెళ్లి, పిలుపు గంట నొక్కి చూస్తాను.