చర్చి పియానోకి పీయూ కొట్టించాలా, లక్క పాలిషే ఉంచాలా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)
మా చర్చిలో నిలువు పియానో ఉంది. వందేళ్ల పైమాటే అంటారు పెద్దలు. పైమూత నిండా గ్లాసులు పెట్టిన తెల్ల మచ్చలు, ఎడమ పక్క కింద వెనీర్ (పైన అంటించిన పల్చటి చెక్క రేకు) లేచింది. మెషిన్‌తో గీకేసి పీయూ (పాలియురేథేన్, ప్లాస్టిక్‌లాంటి గట్టి పూత) కొడితే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఒకాయన చెప్పారు. సంఘంలో సగం మంది ఒప్పుకున్నారు. నాకు మనసొప్పడం లేదు.

రాయగడ మేస్త్రీ
కొట్టించెయ్యండి. ఇరవై ఏళ్లుగా తలుపులకీ మంచాలకీ పాలిష్ పెడుతున్నాను. లక్క మీద వేడి కప్పు పెడితే మచ్చ, వానాకాలం వస్తే మసక. చర్చి అన్నాక పదిమంది చేతులు పడతాయి, తడిగుడ్డతో తుడుస్తారు. పీయూ అన్నిటికీ తట్టుకుంటుంది.

పాత చెక్క (బరంపురం)
మేస్త్రీ గారూ, తలుపులకైతే మీ మాటే సరి. కానీ పియానో మీద కనిపించే మంచి చెక్క చాలావాటికి మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మెషిన్ ఒక్క క్షణం ఒకేచోట ఆగితే అడుగు చెక్క తేలుతుంది. మా అమ్మమ్మ రాతబల్లకి అదే జరిగింది. మూల దగ్గర రూపాయి బిళ్లంత మేర పైచెక్క పోయింది. రంగు కలిపి పూసినా ఇప్పటికీ ఆ గుంట వేలికి తగులుతుంది.

తమ్ముడూ, ముందు కనపడని చోట దూదితో ఒక్క చుక్క స్పిరిట్ రాసి చూడు. జిగటగా వస్తే లక్కే. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ లక్కే. అది స్పిరిట్‌కి కరుగుతుంది కాబట్టి కొత్త పూత పాతదాంట్లో కలిసిపోతుంది, మచ్చ పడిన చోటు మటుకే బాగుచేసుకోవచ్చు. పీయూ గట్టిపడ్డాక కరగదు. గీత పడితే మళ్లీ గీకాలి, అప్పటికి గీకడానికి చెక్కేది?

నా బాధ స్వరం గురించి కాదు, అది లోపలి సౌండ్‌బోర్డుది, అంటే తీగల మోతని పెద్దది చేసే పలకది. పోయిన చెక్క తిరిగి రాదనే.

లేచిన వెనీర్‌ని ఊడబెరకొద్దు. అప్పట్లో జంతువుల తోలూ ఎముకలూ ఉడికించిన జిగురు వాడేవారు, అది వేడికీ తడికీ మెత్తబడుతుంది. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో మెల్లగా వేడిచేసి, బిగించి ఒక రాత్రి వదిలెయ్యండి. అక్కడ పాలిష్ తెల్లబడుతుంది, తర్వాత దిద్దుకోవచ్చు. పలకలు విప్పి బయట పని చెయ్యండి, దుమ్ము లోపల తీగల్ని కొట్టే సుత్తుల ఫెల్ట్‌లోకి (ఉన్ని గుడ్డలోకి) పోకూడదు.

రాయగడ మేస్త్రీ
వెనీర్ సంగతి నేను పట్టించుకోలేదు. మెషిన్ వద్దు, ఒప్పుకున్నాను. కానీ లక్క పాలిష్ అంటే గుడ్డలో చుట్టిన దూది ఉండతో రోజుల తరబడి పూతలు. ఆ కూలి సంఘం ఇస్తుందా? పైమూత మీద మళ్లీ గ్లాసు పెట్టరని ఎవరు హామీ ఇస్తారు?

పాత చెక్క (బరంపురం)
హామీ ఎవరూ ఇవ్వలేరండీ. మచ్చ పడితే ఒక పూట పని, మూత ఒక్కదానికే.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)
వెనక వైపు స్పిరిట్ రాశాను అన్నా. దూది తేనెరంగుకి తిరిగింది, వేలికి అంటుకుంది. ఆ దూది దాచాను, ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలకి చూపిస్తాను. కూలి మాట అప్పుడే తేలుతుంది. పైమూత మీది పూలకుండీ మాత్రం ఇవాళే దించేశాను.