అరబ్బీ పాటల గాంధారం (‘గ’ స్వరం) కీబోర్డు మీద దొరుకుత లేదు, ఎట్ల?

నల్లగొండ_కీబోర్డు:
‘ది ఐడల్’ చూసిన. గాజాల ఖాన్ యూనిస్ శిబిరంల పెరిగి 2013ల అరబ్ ఐడల్ పాటల పోటీ గెలిచిన మహమ్మద్ అస్సాఫ్ మీద హానీ అబూ అసద్ 2015ల తీసిన సినిమా. అప్పటి సంది అరబ్బీ పాటలు వాయిస్తున్న. కొన్ని పాటలల్ల సాధారణ గాంధారం (కింది ‘గ’) నొక్కితే తక్కువైతది, అంతర గాంధారం (పై ‘గ’) నొక్కితే ఎక్కువైతది. హార్మోనియం మీద కూడ గంతే. ఏం చెయ్యాలె?

పాలమూరు_వయొలిన్:
మీ చెవి కరెక్టే అన్నా. ఆ స్వరం రెండు మెట్ల నడుమ ఉంటది. రాస్త్ అనే మఖామ్‌ల (అరబ్బీ రాగంల) గాంధారం, నిషాదం (‘ని’) రెండూ గట్లనే. మన శంకరాభరణం రాగానికీ ఖరహరప్రియ రాగానికీ సరిగ్గ మధ్యల నిలబడ్డ మేళం అనుకోండ్రి. దిగేటప్పుడు మాత్రం ఎక్కువగ కైశికి నిషాదమే (కింది ‘ని’) పడతది. బయాతీ అనే మఖామ్‌ల ఆ మధ్య స్వరం రిషభం (‘రి’), మిగతాదంత నటభైరవి రాగమే.

కీబోర్డుల ఒక్కో స్వరం శృతి మార్చే ‘స్కేల్ ట్యూనింగ్’ ఉందేమో చూడండ్రి. ఒకటో శృతికి (సి మెట్టు ‘స’ అయితే) రాస్త్ కావాలంటే ఇ, బి రెండింటినీ మైనస్ 50 సెంట్లు (అంటే సగం మెట్టు కిందికి) చెయ్యండ్రి. రెండో శృతికి (డి మెట్టు ‘స’) పోతే అవి వదిలి ఎఫ్ షార్ప్, సి షార్ప్ తగ్గించాలె. చాలామంది ఈడనే తప్పుతరు, శృతి మార్చి పాత సెట్టింగే ఉంచుతరు. ఇంకో మాట, ఆటో కార్డ్స్ (కీబోర్డు తానే కలిపే తోడు స్వరాలు) బంద్ పెట్టండ్రి. మేజర్ కార్డుల మూడో స్వరం ఆ గాంధారంతోటి కొట్లాడుతది. స, ప రెండే పట్టుకుంటే చాలు.

ఆ సెట్టింగ్ లేకుంటే పిచ్ బెండ్ (స్వరాన్ని ఎక్కించి దించే చక్రం) రేంజ్ 1కి పెట్టి చక్రం సగం కిందికి తిప్పండ్రి. కాని అప్పుడు నొక్కిన స్వరాలన్నీ కలిసి దిగుతయి, ఒక్కో స్వరమే వాయించాలె.

మిర్యాలగూడ_హార్మోనియం:
హార్మోనియం పెట్టె విప్పకుండ వాయించాలంటే హిజాజ్ మఖామ్ ఎంచుకోండ్రి, అది అచ్చం మన వకుళాభరణం రాగం మెట్లే. రాస్తే కావాలంటే రీడు (లోపల స్వరం పలికే లోహపు రేకు) గీకాలె. కొన దగ్గర గీకితే శృతి పెరుగుతది, మొదట్ల గీకితే తగ్గుతది. 50 సెంట్లు తగ్గేదాక మొదట్ల గీకితే రేకు పలచబడి తెగుతది. అందుకే ఒకటో శృతిల గాంధారానికి పక్క నల్ల మెట్టు రీడు కొన గీకి పెంచుడు నయం, రాస్త్‌ల ఆ సాధారణ గాంధారం ఎట్లాగూ పడదు. రెండు వరుసల పెట్టె అయితే రెండు రీడ్లూ సమంగ మార్చాలె, లేకుంటే స్వరం అలలు అలలుగ ఊగుతది. భజనకు తెచ్చే పెట్టె మీద మాత్రం ఈ పని వద్దు, మళ్ల పాత శృతికి తెచ్చుడు కష్టం.

పాలమూరు_వయొలిన్:
దగ్గర్ల వయొలిన్ ఉంటే అదే మేలు. అరబ్బీ వాళ్లు తీగలను తరచుగ జి, డి, జి, డి అని కడతరు. మన స ప స ప కూడ అదే వరుస. ఊద్ అనే అరబ్బీ తీగ వాయిద్యానికైతే మెట్లే లేవు. ఒకటే జాగ్రత్త, గాంధారం మీద కంపితం (స్వరాన్ని ఊపుడు) వెయ్యొద్దు. వేలు ఊగితే ఆ మధ్య స్వరం చెవికి అందదు. స పట్టుకొని, అంతర గాంధారం నుంచి వేలు మెల్లగ కిందికి జరిపి, సాధారణం రాకముందే ఆపి నిలపండ్రి.