అప్‌డేట్: నాగోల్ నుంచి రాయదుర్గం ఆఫీసుకి కారా మెట్రోనా అని అడిగింది నేనే

మూడు నెలల క్రితం అడిగా కదా, హైదరాబాద్‌లో ఇల్లు నాగోల్, ఆఫీసు రాయదుర్గం స్టేషన్ దాటి రెండు కిలోమీటర్లు, కార్లో వెళ్లాలా మెట్రోలోనా అని. మెట్రోకే ఫిక్స్ అయిపోయా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చిన మాట ఒక్కటే అండి, "నీకు బ్లూ లైన్ మొదటి స్టేషనూ చివరి స్టేషనూ పడ్డాయి, ఇంకేం ఆలోచిస్తావ్" అన్నారు చూడండి, అది. నాగోల్‌లో రైలు ఖాళీగా మొదలవుతుంది కాబట్టి సీటు గ్యారంటీ, సాయంత్రం రాయదుర్గంలో కూడా అంతే, ఒక రైలు వదిలేసి లైన్లో ముందు నిలబడితే చాలు. అమీర్‌పేటలో దిగి వేరే లైన్ రైలుకి మారే పని లేదు, అక్కడ ఎక్కేవాళ్ల తోపులాట చూస్తుంటే మాత్రం పాపం అనిపిస్తుంది. గంటలోపు ప్రయాణం, కార్లో అయితే పొద్దున గంటన్నర, వాన పడితే ఇక దేవుడే దిక్కు.

ఖర్చు: కారుకి రానూపోనూ 56 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో మైలేజీ 12 వస్తే గొప్ప, అంటే రోజుకి దాదాపు 500 పెట్రోలుకే. ఇప్పుడు టికెట్లూ షేర్ ఆటో కలిపి 200 లోపే అవుతోంది.

పెట్రోలు ఖర్చు తగ్గడానికి కారుకి సీఎన్‌జీ (గ్యాస్) కిట్ పెట్టించాలా అని తెగ బుర్ర బద్దలుకొట్టుకున్నా, అది అసలు అవసరమే పడలేదు. కార్‌పూల్ ట్రై చేశా, నాలుగో రోజుకే టైమింగ్స్ కుదరక ఆగిపోయింది.

ఇబ్బంది ఒకటుంది, నైట్ షిఫ్ట్ పడితే చివరి రైలు దొరకదు, ఆ వారం కారే తీస్తున్నా.