ఉస్తాద్ చేతిని ముద్దాడవచ్చా?

ప్రశ్న:
అస్సలాము అలైకుమ్. నాకు ఖుర్ఆన్ నేర్పిన ఉస్తాద్‌కి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. సలాం చెబితే గొంతును బట్టి గుర్తుపట్టి చెయ్యి చాపుతారు. ఆ చేతిని ముద్దాడి కళ్లకద్దుకోవడం చిన్నప్పటి నుంచీ నా అలవాటు. ఈమధ్య ఒకాయన చూసి "అల్లాహ్‌కు తప్ప ఎవరికీ వంగకూడదు, మానెయ్" అన్నారు. మనసు చివుక్కుమంది. ధర్మం ఏమంటుంది?

జవాబు 1:
వఅలైకుమ్ అస్సలాం భాయ్. కూతురు ఫాతిమా (రజి) వస్తే దైవప్రవక్త (స) లేచి ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని, ముద్దాడి, తన చోట కూర్చోబెట్టేవారు. ఆయన వెళ్తే ఆమె కూడా అంతే. అబూ దావూద్ సేకరించిన హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాల్లో) ఉంది. ఇక ధర్మపండితుడు ఇమాం నవవీ, ఎదుటివారి విద్యనూ దైవభక్తినీ చూసి ముద్దాడితే మంచిదే అన్నారు. డబ్బో పదవో చూసి చేస్తే మాత్రం గట్టిగా తప్పుపట్టారు. నాకైతే అసలు గీత అక్కడే ఉందనిపిస్తుంది. మీ ఉస్తాద్ దగ్గర మీరు ఆశించేదేముంది, దుఆ (మీ కోసం ప్రార్థన) తప్ప!

జవాబు 2:
మిమ్మల్ని మానెయ్యమన్న ఆయన మాటనూ కొట్టిపారేయకండి. ప్రవక్త సహచరుడు అనస్ (రజి) ఉల్లేఖించిన, తిర్మిజీ సంకలనంలోని హదీసులో, స్నేహితుడు ఎదురైతే వంగవచ్చా అని అడిగితే ప్రవక్త (స) వద్దన్నారు, చెయ్యి కలపమన్నారు. చేతిని ముద్దాడటం ధర్మవేత్త ఇమాం మాలిక్‌కు నచ్చేది కాదు.

జవాబు 3:
టర్కీలో పండగనాడు పెద్దల చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకుంటారు. ఇండోనేషియాలో పిల్లలకు ఇది రోజువారీ అలవాటు.

ప్రశ్న అడిగినవారు:
జజాకల్లాహు ఖైరన్. ఇకమీదట ఆయన పక్కనే కూర్చుని, నడుం వంచకుండా ఆ చేతినే పైకి తీసుకుంటాను.