న్యూయార్క్‌లో ఉన్న తమ్ముడికి బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ కొని పంపొచ్చా? ఏ స్టేట్‌లో ఏం రూల్?

నెల్లూరు టు డల్లాస్:
అందరికీ నమస్కారం. మా బాబాయి కొడుకు న్యూయార్క్ స్టేట్‌లో, సిరక్యూస్ దగ్గర ఒక కన్వీనియెన్స్ స్టోర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాడు. గ్రీన్ కార్డ్ ఉంది, పని విషయంలో సమస్య లేదు. ఈమధ్య వాళ్ల పక్క వీధి షాపులో తుపాకీ చూపించి గల్లాపెట్టె ఖాళీ చేశారట. అప్పట్నుంచి నెల్లూరులో మా పిన్నికి నిద్ర పట్టడం లేదు. టెక్సస్‌లో వెస్ట్ ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చని మా ఆఫీసులో ఒకతను చెప్పాడు. నేనే ఒకటి కొని వాడి అడ్రస్‌కి పంపిద్దామనుకుంటున్నా. చట్టపరంగా ఇబ్బందేమైనా ఉందా?

షార్లెట్ ఓరుగల్లు:
ముందు దేశం మొత్తానికీ ఉన్న రూల్ చెప్తా. ఫెడరల్ చట్టం ప్రకారం హింసాత్మక నేరంలో ఫెలొనీ (పెద్ద నేరం) శిక్ష పడినవాళ్లు వెస్ట్ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. 2002లో వచ్చింది ఈ చట్టం. వెస్ట్ వేసుకున్న దుండగుల చేతిలో చనిపోయిన ఇద్దరు పోలీసుల పేర్లు, జేమ్స్ గెల్ఫ్, క్రిస్ మెకర్లీ, దానికి పెట్టారు. మనలాంటి మామూలు మనుషులకు దీంతో ఇబ్బంది లేదు. తుపాకీకైతే వీసా మీద ఉన్నవాళ్లకు చాలా అడ్డంకులున్నాయి గానీ ఈ ఫెడరల్ చట్టం వెస్ట్ విషయంలో వీసా ఊసే ఎత్తదు.

దాని మీద స్టేట్ రూల్స్ వేరే. మా నార్త్ కరోలినాలో కొనడం తప్పు కాదు, కానీ వెస్ట్ వేసుకుని ఫెలొనీ చేస్తే శిక్ష ఒక మెట్టు పెరుగుతుంది. చాలా స్టేట్స్‌లో ఇదే పద్ధతి.

బఫెలోలో బందరు:
తమ్ముడూ, దయచేసి పంపకు. న్యూయార్క్ మిగతా స్టేట్స్‌లా కాదు.

2022 మే 14న మా ఊళ్లో టాప్స్ సూపర్ మార్కెట్‌లో కాల్పులు జరిగాయి. పదిమంది నల్లజాతివాళ్లు చనిపోయారు. ఆ షాపు మాకూ తెలిసిన షాపే. అక్కడ సెక్యూరిటీగా ఉన్న ఆరన్ సాల్టర్ రిటైరైన పోలీసు. ఆయన వెంటనే ఎదురు కాల్చారు, గుండు తగిలింది కూడా, కానీ ఆ దుండగుడు వేసుకున్న కవచం దాన్ని ఆపేసింది. సాల్టర్ ప్రాణం పోయింది. ఇక్కడ ఉన్నవాళ్లం ఎవరం మర్చిపోలేం.

ఆ తర్వాతే చట్టం వచ్చింది. జూన్ 6న గవర్నర్ సంతకం, జూలై 6 నుంచి అమలు. పోలీసులు, మిలిటరీవాళ్లు, ఇంకా స్టేట్ గుర్తించిన కొన్ని వృత్తులవాళ్లు తప్ప ఎవరూ కొనకూడదు, మిగతావాళ్లకు ఎవరూ అమ్మకూడదు. మొదట రాసినప్పుడు మెత్తటి వెస్టులకే వర్తించేలా రాశారు, ఆ దుండగుడు వేసుకున్న గట్టి ప్లేట్లు అందులోకి రాలేదు. జనం గోల పెట్టాక జూలైలో సవరించి వాటినీ కలిపారు.

నీ ప్రశ్నకు అసలు జవాబు ఇది: చట్టంలో కొనడం ఒక్కటే కాదు, స్వాధీనంలోకి తీసుకోవడం కూడా నేరమే. నువ్వు టెక్సస్‌లో డబ్బు కట్టినా, ఆ పార్సిల్ అందుకునేది మీ తమ్ముడు. మొదటిసారి మిస్‌డిమీనర్ (ఫెలొనీ కన్నా చిన్న నేరం), రెండోసారి ఫెలొనీ. సిటిజన్‌షిప్‌కి అప్లై చేసుకోవాల్సిన కుర్రాడు. అలాంటి మచ్చ వాడికెందుకు?

నెల్లూరు టు డల్లాస్:
అన్నా, చాలా థాంక్స్. కార్ట్‌లో పెట్టి ఉంచాను, ఇప్పుడే తీసేశా. మరి చట్టం రాకముందే కొనుక్కున్నవాళ్ల సంగతేంటి?

బఫెలోలో బందరు:
ఆ తేదీకి ముందు నుంచి దగ్గరున్నదాన్ని తిరిగి ఇచ్చెయ్యమని చట్టం అడగదు. కొత్తగా కొనడం మీదే ఆంక్ష. గుర్తింపు పొందిన వృత్తుల జాబితా న్యూయార్క్ స్టేట్ ప్రభుత్వంలోని డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్టేట్ చూస్తుంది. అందులో లేని వృత్తిని చేర్చమని అప్లికేషన్ పెట్టుకోవచ్చు. మీ తమ్ముడి పని దేని కిందికైనా వస్తుందేమో వాళ్లనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇక్కడ మేం చెప్పింది నమ్ముకుని అడుగు వెయ్యొద్దు.

హార్ట్‌ఫర్డ్ సుజాత:
కనెటికట్ సంగతి కూడా రాస్తున్నా. ఇక్కడ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం ఎప్పట్నుంచో కుదరదు, అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా ఉండాలి. 2023 అక్టోబర్ నుంచి ఇంకా బిగించారు. కొనేవాళ్ల దగ్గర పిస్టల్ పర్మిట్ లాంటి తుపాకీ పత్రం ఏదో ఒకటి ఉండాలి.

మనవాళ్లకు చిక్కు ఎక్కడంటే, హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులుంటే తప్ప తుపాకీ పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అలాంటివాళ్లకు ఆ పర్మిట్ రావడం కష్టం, అంటే వెస్ట్ దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే. తుపాకీ వద్దనడం నాకు సమంజసంగానే అనిపిస్తుంది. ఒంటిని కాపాడుకునే దానికి కూడా తుపాకీ పర్మిట్ అడగడం మాత్రం అన్యాయం అనిపిస్తుంది.

బాటన్ రూజ్ నాన్న:
పిల్లల బుల్లెట్‌ప్రూఫ్ బ్యాక్‌ప్యాక్‌ల గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తున్నా. లూసియానాలో స్కూల్ ఆవరణలో వెస్ట్ వేసుకోవడం నేరం. ఆ రూల్‌తో పిల్లల బ్యాగులు కూడా చిక్కుల్లో పడతాయని 2018లో చట్టం మార్చి బ్యాగులకు మినహాయింపు ఇచ్చారు. మా అమ్మాయికి కొనేముందు నేను స్కూల్ ఆఫీసులో కూడా కనుక్కున్నాను. మీ స్టేట్ ఏదైనా స్కూల్ రూల్ విడిగా చూడండి.

హ్యూస్టన్ సెక్యూరిటీ:
లైసెన్స్ ఉన్న గార్డుని, రోజూ వేసుకునేవాణ్ణి. కొనడానికి వీలున్న స్టేట్స్‌లో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా.

లెవెల్ 3ఏ మెత్తటి వెస్ట్ 9 ఎం.ఎం., .44 మాగ్నమ్ లాంటి చేతి తుపాకుల వరకే. రైఫిల్ గుండు అందులోంచి దూసుకుపోతుంది. రైఫిల్‌కి లెవెల్ 3, 4 గట్టి ప్లేట్లు కావాలి. అవి బరువు, కౌంటర్ వెనక గంటలకొద్దీ నిలబడేవాళ్లు మోయలేరు. వెస్టులకు ప్రమాణాలు పెట్టే ఫెడరల్ సంస్థ ఎన్‌ఐజే 2023 చివర్లో కొత్త ప్రమాణం తెచ్చింది, అందులో పేర్లు హెచ్‌జీ1, హెచ్‌జీ2, ఆర్‌ఎఫ్1 అని మారాయి. షాపుల్లో పాతవీ కొత్తవీ రెండూ కనిపిస్తాయి. ఏ పేరైనా ఎన్‌ఐజే ఆమోదించిన మోడళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ జోలికి వెళ్లొద్దు. మామూలుగా కంపెనీలు ఐదేళ్ల వారంటీ ఇస్తాయి. చెమట, వేడి, మడతలు పదార్థాన్ని దెబ్బతీస్తాయి. జైలాన్ అనే నారతో చేసిన వెస్టులు పోలీసుల ఒంటి మీదే ఫెయిలయ్యాక 2005లో ఎన్‌ఐజే వాటికి గుర్తింపు తీసేసింది. పాత సరుకులో అలాంటివి ఇంకా తగలొచ్చు.

ఇంకోమాట. వెస్ట్ తలనీ మెడనీ కాపాడదు. వేసుకున్నానన్న ధైర్యంతో దొంగని ఎదిరించొద్దని ఆ తమ్ముడికి గట్టిగా చెప్పండి. డబ్బు అడిగితే ఇచ్చెయ్యాలి.

టాంపా గ్యాస్ స్టేషన్:
పైన గార్డు గారి చివరి మాటకు నా ఓటు. నేను స్టోర్ నడుపుతున్నా. ఫ్లోరిడాలో ఈ బాధ్యత పనివాడి నెత్తిన కాకుండా ఓనర్ నెత్తిన పెట్టారు. రాత్రిపూట తెరిచి ఉంచే కన్వీనియెన్స్ స్టోర్‌లో డ్రాప్ సేఫ్ (డబ్బు లోపల వేసే ఇనప్పెట్టె), పార్కింగ్‌లో లైట్లు, సైలెంట్ అలారం, తలుపు దగ్గర మనిషి ఎత్తు తెలిసే గీతలు ఉండాలి. గల్లాలో 50 డాలర్లకు మించి ఉండదని బోర్డు పెట్టాలి. ఆ షాపులో ఇదివరకు దోపిడీ లాంటిది జరిగి ఉంటే రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఇద్దరు పనివాళ్లనైనా పెట్టాలి, లేదా అద్దాల క్యాబిన్ కట్టాలి, లేదా గార్డుని పెట్టాలి, లేదంటే తలుపు మూసి కిటికీలోంచి అమ్మాలి.

న్యూయార్క్ ఓనర్‌కి ఈ చట్టం వర్తించదు. అయినా పద్ధతి మంచిదే కాబట్టి అడగడంలో తప్పులేదు. మీ తమ్ముడు ఒక్కడే అడిగితే కాదనొచ్చు, మిగతా షిఫ్టులవాళ్లని కూడా కలుపుకుని అడగమనండి.

నెల్లూరు టు డల్లాస్:
ఇప్పుడే వాడితో మాట్లాడాను. ఓనర్ మన గుజరాతీ ఆయనే, మాట వింటాడట. వెస్ట్ డబ్బులు నేను అద్దాల క్యాబిన్‌కి ఇస్తానన్నాను, కనీసం కౌంటర్ ముందు భాగానికైనా. అద్దం ఎలాంటిది అడగాలి?

టాంపా గ్యాస్ స్టేషన్:
యూఎల్ 752 (గుండు ఆపే సామర్థ్యానికి ప్రమాణం) రేటింగ్ ఉన్నదని కాగితం అడగండి. లెవెల్ 1 అంటే 9 ఎం.ఎం. ఆపుతుంది, లెవెల్ 3 అంటే .44 మాగ్నమ్. రేటింగ్ లేని మందపాటి ప్లాస్టిక్ షీటు చూపించి అదే అంటారు, ఒప్పుకోవద్దు. అద్దం ఒక్కటే పెడితే చాలదు, దాని కింద కౌంటర్ చెక్కకి కూడా అదే రేటింగ్ ఉన్న పలక వేయించండి. మా దగ్గర అద్దం కన్నా దానికే ఎక్కువ పని పట్టింది.